థింఫూ అతిథులతో బెంగళూరులో

ఆదివారం, రామమూర్తి నగర్

2017 జనాభా లెక్కల్లో భూటాన్ మొత్తం కలిపి 7.27 లక్షల మంది. మా విజయవాడ ఒక్కటే 2011 నాటికి పది లక్షలు దాటింది. "ఒక కార్పొరేషన్ పాటి చేయని దేశానికి సాఫ్ట్‌వేర్ అమ్మి ఏం బావుకుందామనమ్మా?" అని నేను బయల్దేరుతుంటే మా ఆఫీసు అకౌంటెంటు గారు అడిగారు. అడిగింది సబబే. ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మి, దానికి సపోర్టు ఇవ్వడం మా పని. ఇన్నాళ్లూ కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల కేబుల్ ఆపరేటర్లే మా కస్టమర్లు. భూటాన్ రాజధాని థింఫూలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతోందని బెంగళూరులో ఉండే మా పెద్దమ్మ కొడుకు చెబితే, ఇద్దరం కలిసి కొటేషన్ ఇచ్చాం. బిల్లింగ్ నాది, రాత్రీ పగలూ నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే పని అన్నయ్య వాళ్లది. వాళ్లు ఫోన్‌లో బేరమాడలేదు. "మనుషుల్ని పంపుతాం, చూసి వస్తారు" అన్నారు.

రామమూర్తి నగర్‌లో దిగితే బెంగళూరు వచ్చినట్టే అనిపించదు. కర్రీ పాయింటు ముందు "గోంగూర అయిపోయింది" అని తెలుగులో రాసిన అట్టముక్క, పక్కనే పచ్చళ్ల కొట్టు. నేర్చుకెళ్లిన నాలుగు కన్నడ ముక్కలు వాడుకునే సందే దొరకలేదు. కూరగాయల బండి ఆవిడది ముళబాగిలు వైపు. "ఏమ్కా, ఏం కావాల?" అని ఆవిడే తెలుగులో మొదలుపెట్టింది.

అతిథులు సాయంత్రం పారో నుంచి కోల్‌కతా మీదుగా వచ్చారు. ఒకాయన అకౌంట్స్ చూసే పెద్దాయన, యాభై దాటి ఉంటాయి, తాంబూలం ఎర్రదనం పెదాల మీద నుంచి ఎప్పటికీ పోదనిపించే మనిషి. రెండో ఆవిడ నెట్‌వర్క్ ఇంజనీరు, చిన్నమ్మాయి. ఇంజనీరింగ్ బెంగళూరులోనే చదివిందట. అన్నయ్య పదేళ్లుగా ఇక్కడున్నా పలకలేని కన్నడం ఆ పిల్ల గడగడా మాట్లాడుతోంది.

హోటల్లో దింపేముందు ఇంట్లో భోజనం అని వదిన పట్టుబట్టింది. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, బెండకాయ వేపుడు, చారు, ఊరమిరపకాయలు. వడ్డించబోయిన ప్రతిసారీ పెద్దాయన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని "మెషు, మెషు" అంటున్నారు. వదిన మొహం వాడిపోయింది. నచ్చలేదేమో, ఇంకేం చెయ్యను అని నా చెవిలో గొణిగింది. ఆ అమ్మాయి నవ్వి, అది మర్యాద అక్కా, రెండు మూడు సార్లు అడగాలి అంది. "ఓస్, అంతేనా! మన దగ్గర మాత్రం మొదటిసారికే ఊఁ అంటే కక్కుర్తి అనుకోరూ?" అని వదిన మళ్లీ అడగలేదు, వడ్డిస్తూ పోయింది. ఊరమిరపకాయల గిన్నె మాత్రం అడ్డూ అదుపూ లేకుండా పెద్దాయన ముందే ఖాళీ అయింది. వాళ్లకి మిరపకాయ నంజుకునేది కాదు, కూరగాయ. గుంటూరు వాళ్లమని మనం ఛాతీ విరుచుకునేదంతా ఆ కంచం ముందు తేలిపోయింది.

సోమవారం, మారతహళ్ళి

పొద్దున పెద్దాయన ఘో వేసుకుని బయటికొచ్చారు. మోకాళ్ల దాకా వచ్చే గళ్ల అంగీ, నడుం దగ్గర బిగించిన కచ్చు, కింద పొడుగు మేజోళ్లు. ఆఫీసు పని అంటే వాళ్లకి అదే దుస్తులు. టెక్ పార్క్ గేటు దగ్గర రోజూ అన్నయ్య బ్యాగు తిరగేసే సెక్యూరిటీ అబ్బాయి ఆయన్ని చూడగానే లేచి సెల్యూట్ కొట్టాడు. బ్యాగు జోలికే రాలేదు. "రేపట్నుంచి నేనూ ఇదే కుట్టించుకుంటా" అన్నాడు అన్నయ్య.

అక్కడికి చేరడానికి టిన్ ఫ్యాక్టరీ దగ్గరే ముప్పావుగంట పోయింది. థింఫూలో సిగ్నల్ లైట్లు ఉండవట, కూడలిలో పోలీసాయన చేతులతో దారి చూపిస్తాడట. మన టూరిస్టులు భూటాన్ వెళ్తే రాత్రికి 1,200 రూపాయలు రుసుము కట్టాలి కదా, ఆ లెక్కన తనని కారులో కూర్చోబెట్టినందుకు బెంగళూరు తనకెంత బాకీ పడిందో పెద్దాయన ఫోన్‌లో లెక్క వేసి చూపించారు.

డెమో పదింటికి మొదలైంది, పది నిమిషాల్లోనే ఆగింది. కొత్త కస్టమర్ ఫారంలో ఇంటిపేరు గడి పక్కన ఎర్ర చుక్క ఉంటుంది, నింపనిదే ముందుకు పోదు. భూటాన్‌లో చాలామందికి ఇంటిపేరు అనేదే లేదు. ఆడా మగా తేడా లేకుండా అవే పేర్లు. ఒకే పేరున్నవాళ్లు ఒకే పేటలో డజను మంది తేలతారు. మన ఆపరేటర్లు ఫోన్ రాగానే "ఇంటిపేరు చెప్పండి" అని వెతుకుతారు. వీళ్లకి వెతకాల్సింది 11 అంకెల పౌరసత్వ కార్డు నంబరుతో. వినడానికి చిన్న సంగతే, కానీ కస్టమర్ పేరు మా సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని చోట్ల పాతుకుని ఉందో నాకు తెలుసు.

తర్వాత ఆ అమ్మాయి ఒక్కొక్కటే తీసింది. ఏదీ గొంతు పెంచి అడగలేదు. ఫాల్ట్ రిపోర్టులో కారణాల జాబితా చూసి, ఇందులో కొండచరియలు లేవేంటి అంది. మాకున్నవి "రోడ్డు తవ్వకం", "లారీ తగిలింది", "ఎలుకలు". వాళ్ల ఫైబర్‌లో చాలా భాగం భూమిలో ఉండదు, భూటాన్ పవర్ కార్పొరేషన్ హైటెన్షన్ లైన్లమీదే కొండల మీదుగా పోతుంది. అది తెగితే మన కుర్రాడు నిచ్చెన వేసుకుని ఎక్కేది కాదు, కరెంటు వాళ్లు షట్‌డౌన్ ఇచ్చేదాకా ఆగాలి. మా ఒప్పందంలో "నాలుగు గంటల్లో పరిష్కారం" అని గొప్పగా రాసుకున్నాం. 20 జిల్లాలు, 205 గెవోగ్‌లు, అంటే మన మండలాల్లాంటివి. లునానా లాంటి చోటికి రోజుల తరబడి నడిచి పోవాలి. నాలుగు గంటల్లో ఎవరు పోతారు, ఎలా పోతారు అని ఆ అమ్మాయి నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. అన్నయ్య నీళ్లు నమిలాడు.

ఒక్క చోట మాత్రం మా పరువు దక్కింది. ఇంగ్లీషులో ఎస్ఎమ్మెస్ అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగులోగానీ, వాళ్ల జోంగ్‌ఖాలోగానీ రాస్తే 70తోనే సరి. "మీ ప్యాక్ రేపటితో ముగుస్తుంది" అనే మాట కాస్త మర్యాదగా చెప్పబోతే రెండు మెసేజులై కూర్చుంటుంది, ఖర్చూ రెట్టింపు. నరసరావుపేట ఆపరేటర్లు తెలుగు మెసేజులు కావాలని మా ప్రాణం తీసినప్పుడు, టైపు చేస్తుంటే ఎన్ని మెసేజులవుతుందో పక్కనే చూపించే స్క్రీను పెట్టాం. అది చూసి ఆ అమ్మాయి మొదటిసారి నోట్‌బుక్‌లో టిక్కు పెట్టింది.

మధ్యాహ్నం ఆంధ్రా మెస్సు. అరిటాకు మీద కందిపొడి, నెయ్యి, పప్పు. క్యూలో సగం మంది కన్నడిగులే. ఆంధ్రా భోజనం ఇక్కడ ఎప్పుడో బెంగళూరు భోజనం అయిపోయింది. వడ్డించే కుర్రాడు ఒడిశా వాడు, "పచ్చడి కావాలా అండీ" అని మా కృష్ణా జిల్లా యాసలో అడుగుతున్నాడు. నలుగురికి పన్నెండు వందల చిల్లర అయింది.

అక్కడే పెద్దాయన ధర ఎత్తారు. మేమిచ్చింది కనెక్షన్‌కి నెలకి ఇంత అనే లెక్క, ఇండియాలో అందరూ అలాగే ఇస్తారు. లక్షల కనెక్షన్లున్న చోట అది నడుస్తుంది. వీళ్లకున్నది వేలల్లో. ఆ లెక్కన వచ్చే డబ్బు మా ఒక ఇంజనీరు జీతానికి కూడా చాలదు, పనేమో పెద్ద కంపెనీకి చేసేంతా చెయ్యాలి. "అంటే ఆర్నెల్ల తర్వాత మా ఫోన్ ఎత్తడం మీకు గిట్టదు. అప్పుడేం చేస్తారు?" అన్నారాయన, కందిపొడి కలుపుకుంటూ. మన వాళ్లు చాలామంది చిన్న దేశాలకి అమ్మేటప్పుడు ఇక్కడి సరుకులో నాలుగు బటన్లు పీకేసి, అదే చాలు పొమ్మంటారు. ఆయనకి అది అనుభవమే అనుకుంటా. ఏ కంపెనీ అనేది చెప్పలేదు, నేనూ అడగలేదు.

మంగళవారం, దూరవాణి నగర్

పొద్దున ఒక దర్శినిలో నిలబడి తిన్నాం. ఇడ్లీ, వడ, ఖారాబాత్. సాంబారులో బెల్లం, దాని సంగతి ఎత్తితే బెంగళూరు వాళ్లతో గొడవే కాబట్టి వదిలేస్తున్నా. కాఫీ డబ్బులు తానిస్తానని పెద్దాయన కౌంటర్‌కి వెళ్లారు. యూపీఐ క్యూఆర్ కోడ్‌ని తీసుకున్న మొదటి విదేశం భూటానే, 2021 జులైలో. మన ఫోన్ పట్టుకెళ్తే థింఫూలో చెల్లించొచ్చు. ఆయన ఫోన్‌తో ఇక్కడ కుదరలేదు. ఆయన దగ్గరున్నది అక్కడి బ్యాంకు ఇచ్చిన రూపే కార్డు. "కార్డ్ ఇల్ల సార్, స్క్యాన్ మాడి" అన్నాడు కౌంటర్ అబ్బాయి. అయిదొందల నోటు తీస్తే "చిల్లరె ఇల్ల". వెనక నిలబడ్డ కాలేజీ కుర్రాడు చెయ్యి చాపి స్క్యాన్ చేసేసి, "పర్వాగిల్ల అంకల్" అని తన ఇడ్లీ ప్లేటు పట్టుకుని పోయాడు. పెద్దాయనకి ఆ ఋణం మింగుడు పడలేదు. కుర్రాడికి కేసరిబాత్ ఇప్పించాల్సిందే అన్నారు. దానికీ స్క్యాన్ చెయ్యాలి కదా, నేనే చేశాను. కుర్రాడు కేసరిబాత్ సగం తిని, బస్సొచ్చిందని పరిగెత్తాడు.

ఐటీఐ, అంటే ఫోన్లు తయారు చేసిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, చూడాలన్నది పెద్దాయన కోరికే. చిన్నప్పుడు మన సరిహద్దు పక్కనే ఉండే వాళ్ల ఊరు ఫుంట్‌షోలింగ్‌లో వాళ్ల మేనమామ పనిచేసే ఆఫీసులో నల్ల ఫోనుండేదట, దాని మీద ఐటీఐ అని చెక్కి ఉండేదట. రామమూర్తి నగర్‌కి కూతవేటు దూరం కదా అని ఆటో ఎక్కాం. డ్రైవరుది కుప్పం. మేం ఇంటర్నెట్ కబుర్లలో పడ్డాం. వాళ్ల దేశానికి టీవీ, ఇంటర్నెట్ రెండూ 1999లోనే వచ్చాయి. బయటి ప్రపంచంతో కలిపే ఫైబర్ దారులు చాలాకాలం ఫుంట్‌షోలింగ్ నుంచి ఒకటి, గెలెఫూ నుంచి ఒకటి అని పేరుకి రెండున్నా, రెండూ మన సిలిగురి సందులోంచే పోయేవి. సిలిగురిలో ఎవరి గునపమో తగిలితే తన ఫోన్ మోగుతుందని ఆ అమ్మాయి అంది. 2025 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ కూడా దిగింది. అంటే ఈ చిన్న కంపెనీకి పోటీ పక్క వీధి నుంచి కాదు, ఆకాశం నుంచి. ఈ మాటల్లో ఉండగా తలెత్తి చూస్తే ఐటీఐ దాటిపోయి హూడి బోర్డు.

"ఐటీఐ కదా అన్నా చెప్పింది?" అన్నాను.

"ఐటీపీఎల్ అనుకుంటి మేడమ్. ఐటీఐకి ఇప్పుడెవరు పోతారు? అందరూ ఐటీపీఎల్‌కే కదా!"

ఐటీపీఎల్ అంటే అటువైపు ఉండే పెద్ద టెక్ పార్కు. మీటరు డబ్బుల్లో సగమే తీసుకున్నాడు, అదీ మొహమాటపడుతూ. అక్కడే దిగి మెట్రో ఎక్కి వెనక్కి కేఆర్ పురకి వచ్చాం, తలకి ఇరవై రూపాయలు.

ఐటీఐ 1948లో పెట్టారు, స్వతంత్ర భారతంలో మొదటి ప్రభుత్వ రంగ పరిశ్రమ. లోపలికి పంపరని తెలిసే వెళ్లాం, పంపలేదు. పెద్ద పెద్ద చెట్లు, పాత క్వార్టర్లు, హారన్ల మోత వినపడని రోడ్లు. ఎదురుగా టీ కొట్టు దగ్గర చిత్తూరు జిల్లా నుంచి వచ్చి అక్కడే రిటైరైన పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఘో చూసి ఆయనే పలకరించాడు. డయల్ బిగించే చోట పనిచేశాడట. "సున్నాలో వేలు పెట్టి తిప్పి వదిల్తే సరిగ్గా సెకన్లో వెనక్కి రావల్ల. పది దెబ్బలు, సెకనుకి పది. తొందరగా వచ్చినా రాంగ్ నంబరే, నిదానంగా వచ్చినా రాంగ్ నంబరే." టీ గ్లాసు కింద పెట్టి, గాల్లో వేలు గుండ్రంగా తిప్పి, వదిలి, "కిర్‌ర్‌ర్" అని నోటితో చప్పుడు చేశాడు. పెద్దాయన కూడా వేలు తిప్పి అదే చప్పుడు చేశారు. ఒకరికి తెలుగు, ఒకరికి జోంగ్‌ఖా. మధ్యలో నేను అనువాదం చెయ్యాల్సిన అవసరం రాలేదు.

తిరిగొస్తుంటే ఆ అమ్మాయికి సీడాట్ సంగతి చెప్పాను. మా నాన్న టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో చేశాడు, ఈ కథ ఇంట్లో వందసార్లు విన్నదే. మన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలు మనమే తయారు చేసుకోవాలని 1984లో ప్రభుత్వం పెట్టిన సంస్థ సీడాట్. 1986లో ఇదే కర్ణాటకలో కిట్టూరులో 128 పోర్టుల పల్లెటూరి ఎక్స్‌ఛేంజి బిగించారు. పెద్ద ఎక్స్‌ఛేంజిని కోసి చిన్నది చెయ్యలేదు. ఏసీ ఉండదు, దుమ్ముంటుంది, కరెంటు పోతుంది, చూసుకోడానికి ఒక్కడే మనిషి అని మొదటే అనుకుని ఆ ఊరి కోసం తయారు చేశారు. భూటాన్‌కి మేమివ్వాల్సిందీ అలాంటిదేనని నాకు అక్కడే తోచింది. మా కొటేషన్‌లో ఉన్నదేమో గుంటూరు జిల్లా సాఫ్ట్‌వేరే, పైన లోగో మార్చి.

అదే రాత్రి, మహదేవపుర

అన్నయ్య వాళ్లు నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే మానిటరింగ్ రూము పగలు చూపిస్తామంటే పెద్దాయన వద్దన్నారు. రాత్రి పదకొండు దాటాక వస్తామన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు, అన్నయ్యకీ కాలేదు.

భూటాన్ గడియారం మనకన్నా అరగంట ముందుంటుంది. మనకి 11:30 అయితే వాళ్లకి అర్ధరాత్రి. రోజువారీ డేటా ప్యాకులన్నీ అప్పుడే ముగిసి, కొత్తవి మొదలవ్వాలి. బిల్లింగ్‌లో ఏదైనా తేడా కొడితే కొట్టేది ఆ నిమిషంలోనే. అన్నయ్య కంపెనీ క్యాబులు కూడా 11:30కే బయల్దేరతాయి కాబట్టి షిఫ్టు మారేదీ అప్పుడే.

మేం వెళ్లేసరికి గోడ నిండా స్క్రీన్లు వెలుగుతున్నాయి. కుర్చీలు ఖాళీ. వెళ్లేవాళ్లు బ్యాగులు తగిలించుకుని లిఫ్టు దగ్గర, వచ్చినవాళ్లు టీ మెషీన్ దగ్గర. పెద్దాయన ఏమీ అనలేదు. వాచీ చూసుకున్నారు, స్క్రీన్ల కేసి చూశారు, మళ్లీ వాచీ. ఎవరినీ కుర్చీలో కూర్చోమనలేదు, తను కూర్చోలేదు. ఆ కాసేపు గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు, మా అన్నయ్య మొహం చూడలేకపోయాను.

ఒక్క కుర్రాడు మాత్రం మూల సీటులో ఉన్నాడు. నరసరావుపేట వాడు, కొత్తగా చేరాడు. క్యాబు పోతుంది రా అని బయట నుంచి కేకలేస్తున్నా లేవలేదు. ఎందుకు లేవలేదని పెద్దాయన అడిగితే, ఫోన్ తీసి రెండు గడియారాలు చూపించాడు, ఒకటి ఇక్కడిది, ఒకటి థింఫూది. ఇంకా కాంట్రాక్టే రాలేదు కదా అని అన్నయ్య అంటే, "వస్తుందంటున్నారుగా సార్, అలవాటవుద్దని పెట్టుకున్నా" అన్నాడు. వాణ్ణి ఆ రాత్రి అన్నయ్య కారులోనే పీజీ దగ్గర దింపాడు. దారిలో నాలుగు బజ్జీలు కూడా ఇప్పించాడు, అది వేరే సంగతి.

బుధవారం, బసవనగుడి

మారతహళ్ళి నుంచి పాత ఎయిర్‌పోర్టు రోడ్డు మీదుగా వెళ్తుంటే ఇస్రో వాళ్ల యు.ఆర్. రావు శాటిలైట్ సెంటర్ గేటు వచ్చింది. తమ ఇంజనీర్లు ఇక్కడే శిక్షణ తీసుకున్నారని ఆ అమ్మాయి కారు అద్దం దించి చూపించింది. భారత్, భూటాన్ కలిసి చేసిన చిన్న ఉపగ్రహం 2022 నవంబర్ 26న పీఎస్‌ఎల్‌వీ సీ54 మీద శ్రీహరికోట నుంచి ఎగిరింది. శ్రీహరికోట మాదే అన్నాను. ఆ అమ్మాయి మర్యాదకి తలూపింది.

బసవనగుడి ఆడిటరు గారిది నెల్లూరు. ఆఫీసులో ఫైళ్లకన్నా దేవుడి పటాలు ఎక్కువ. మా చిక్కు ఇది: విదేశానికి అమ్మే సేవల మీద జీఎస్టీ సున్నా. కానీ ఎగుమతి అనిపించుకోవాలంటే డబ్బు మార్పిడికి వీలున్న విదేశీ కరెన్సీలో రావాలన్నది పాత నియమం. భూటాన్ నుంచి వచ్చేదేమో రూపాయల్లో. మరి ఇది ఎగుమతా, కాదా? "2019 ఫిబ్రవరి 1 నుంచి మార్చారమ్మా. రిజర్వ్ బ్యాంకు ఒప్పుకున్న చోట రూపాయల్లో వచ్చినా ఎగుమతే. నేపాల్, భూటాన్ అందులోకే వస్తాయి. ఏటా ఎల్‌యూటీ, అదే పన్ను కట్టకుండా ఎగుమతి చెయ్యడానికి ఇచ్చే హామీ పత్రం, వెయ్యడం మర్చిపోతే మాత్రం నా దగ్గరికి ఏడుస్తూ రావద్దు" అన్నారు. సాంకేతిక సేవల ఫీజు మీద అక్కడ 10 శాతం మించకుండా పన్ను పట్టుకోవచ్చు. రెండు దేశాల మధ్య 2013లో సంతకమైన ఒప్పందం అలా చెబుతుంది. ఆ పట్టుకున్నది ఇక్కడ మన పన్నులో తగ్గించుకోవాలి. కొటేషన్‌లో ఆ పది శాతం లెక్క మేమసలు వెయ్యనే లేదు అని చెబితే కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

పెద్దాయన ఇబ్బంది ఇంకొకటి. వాళ్ల కరెన్సీ ఎన్‌గుల్‌ట్రమ్, మన రూపాయి సమానం, ఒకటికి ఒకటి. "కానీ మీ నోటు మేం అచ్చు వెయ్యలేం" అన్నారు. 2012లో భూటాన్‌లో మన రూపాయలు అడుగంటాయి, ఇండియాకి డబ్బు కట్టాలంటే నానా తంటాలు పడ్డారు. అప్పుడు తను బ్యాంకు గుమాస్తా ముందు ఎన్ని గంటలు నిలబడ్డదీ చెప్పుకొచ్చారు. అందుకే ఏడాది డబ్బు ఒకేసారి ఇవ్వమంటే జంకు. మాకేమో ముందు డబ్బు రానిదే జీతాలు కదలవు. ఆరు నెలలకోసారి ముందస్తుగా అని తెగింది. కనెక్షన్ లెక్క తీసేసి, ఏడాదికి ఇంత అని ఒకే మొత్తం. మొదట అనుకున్నదానికన్నా అది మాకు ఎక్కువే. ఎక్కువ ఇస్తున్నందుకు ఆయనేం బాధపడలేదు. దానికి బదులుగా రాత్రి 11 నుంచి 12 వరకు కుర్చీలో మనిషి ఉండాలని, మా కంపెనీ మూతపడితే సోర్స్ కోడ్, అంటే సాఫ్ట్‌వేర్ అసలు ప్రోగ్రాము, వాళ్ల చేతికి రావాలని రాయించుకున్నారు.

ఆ తర్వాత విద్యార్థి భవన్ ముందు గంటసేపు పడిగాపులు. 1943 నుంచి ఉన్న హోటలు. సర్వరు ఒక చేతి మీద దోశ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వస్తుంటే పెద్దాయన తినడం మానేసి ప్లేట్లు లెక్కపెట్టారు. గాంధీ బజార్‌లో ఆయనకి తమలపాకులు దొరికాయి. ఆకు తిప్పి ఈనెల వైపు చూసి, బొటనవేలితో సున్నం సన్నగా పూసి, కొట్టువాడిచ్చిన ఎండు వక్క చూసి పెదవి విరిచారు. వాళ్లకి పచ్చిగా, తడిగా ఉండాలి. ఆ ఘాటు లేకపోతే చలి ఎలా పోతుంది అన్నారు. బెంగళూరులో చలేంటి అంటే నవ్వి, నాకూ ఒకటి చుట్టిచ్చారు. చెవులు వేడెక్కాయి.

రాత్రి వదిన వంటగది ఆ అమ్మాయి చేతికి వెళ్లింది. ఎమా దట్షి. పొడుగు మిరపకాయలు అరకిలో, నిలువుగా చీల్చి, గింజలతో సహా గిన్నెలో వేసింది. ఉల్లిపాయ, టొమాటో, వెల్లుల్లి, ఉప్పు, చెంచా నూనె, నీళ్లు. మూత పెట్టి ఉడకనిచ్చి, అమూల్ చీజ్ ముక్కలు వేసి కలపకుండా వదిలేసింది. థింఫూలోనూ చాలా ఇళ్లలో అమూలే వాడతారట. "పోపు?" అంది వదిన. లేదు. "జీలకర్రయినా?" లేదు. వదిన చెయ్యి రెండుసార్లు పోపుల డబ్బా దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మూడోసారి ఆ అమ్మాయి అటు తిరిగినప్పుడు నాలుగు రెబ్బలు కరివేపాకు పడ్డాయి, నేను చూశాను. తిన్నాక అన్నయ్య పెరుగు గిన్నె ముందుకి లాక్కున్నాడు. నేను మళ్లీ వడ్డించుకున్నాను.

గురువారం, మిల్లర్స్ రోడ్డు

విమానం మధ్యాహ్నం. దారిలో మిల్లర్స్ రోడ్డు మీదుగా తీసుకెళ్లమని నేనే అడిగాను. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడి సోనా టవర్స్‌లో ఆఫీసు పెట్టి, శాటిలైట్ లింకు మీద ఇంజనీర్ల పని అమెరికాకి పంపింది. ఆ డిష్ సామాను ఎడ్లబండి మీద వచ్చిన ఫోటో చాలామంది చూసే ఉంటారు. చెబుతుంటే పెద్దాయన ఆసక్తిగా విన్నారు. ఎడ్లబండి గురించి ఏమీ అడగలేదు. "ఆ డిష్ రాత్రిపూట పాడైతే ఎవరు వచ్చేవాళ్లు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఎయిర్‌పోర్టులో ఒక్క షరతు కొత్తగా పెట్టారు. మొదటి ఆరు వారాలు మా మనిషి థింఫూలో కూర్చోవాలి. సీనియర్ ఇంజనీర్ని పంపుతామన్నాడు అన్నయ్య. వద్దు, ఆ రెండు గడియారాల అబ్బాయిని పంపండి అన్నారు.

విజయవాడ వచ్చాక ఇంటిపేరు గడి పక్కన ఎర్ర చుక్క తీయించడం మొదలుపెట్టాం. అనుకున్నట్టే పదిహేడు రిపోర్టులు విరిగాయి. కుర్రాడి పనే ఎటూ తేలలేదు. భూటాన్‌లోకి మనవాళ్లు వెళ్లాలంటే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టు వాడికి లేదు. ఓటరు కార్డులో పేరు ఒక స్పెల్లింగు, మేం పంపిన కాగితాల్లో ఇంకో స్పెల్లింగు. సవరణకి ఫారం 8 పెట్టి, నరసరావుపేటలో బీఎల్‌ఓ చుట్టూ తిరుగుతున్నాడు. థింఫూ నుంచి పర్చేజ్ ఆర్డర్ వచ్చే నెల మొదట్లో పంపుతామని మెయిల్ వచ్చింది, కింద ఆ అబ్బాయి ఎప్పుడొస్తున్నాడని ఒక లైను.